2024 లోక్‌సభ ఫలితాలు: ఆంధ్రప్రదేశ్‌లో ఏ ప్రాంతంలో ఎవరికి ఎన్ని, ఎందుకు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఏ ప్రాంతంలో ఏ పార్టీకి ఎన్ని సీట్లు వచ్చాయన్నది మొదటిది. టీడీపీ కన్నా వైసీపీకే ఓట్ల శాతం ఎక్కువని ఒక పట్టికలో చూశారు, అయినా సీట్లు 16, 4 ఎలా అయ్యాయి, ఆ పట్టిక తప్పా అన్నది రెండోది. డిగ్రీ ప్రాజెక్టు కోసం అన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. 1999 నుంచి రిటైరయ్యేదాకా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఎన్నికల పేజీలు పెట్టడమే నా పని. ఈ అంకెలతో దెబ్బలు తిన్న అనుభవం కొంచెం ఉంది.

ముందు సూటిగా జవాబు.

మొత్తం 25 సీట్లు: టీడీపీ 16, వైసీపీ 4, బీజేపీ 3, జనసేన 2. కాంగ్రెస్‌కూ వామపక్షాలకూ సున్నా.

మీరు చూసిన శాతాలు తప్పు కాదు. లోక్‌సభ ఓట్లలో వైసీపీకి 39.61 శాతం, టీడీపీకి 37.79 శాతం వచ్చాయి. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. వైసీపీ 25 చోట్లా పోటీ చేసింది. టీడీపీ పోటీ చేసింది 17 చోట్లే. మిగతా ఎనిమిదింటిలో 6 బీజేపీకి, 2 జనసేనకు పొత్తులో ఇచ్చింది. ఆ ఎనిమిది చోట్ల సైకిల్ గుర్తు పార్లమెంటు మెషీన్ మీద అసలు లేనే లేదు. అక్కడి టీడీపీ ఓటర్లు కమలానికో గాజు గ్లాసుకో వేశారు కాబట్టి ఆ ఓట్లు టీడీపీ శాతంలోకి రావు.

ఇక ప్రాంతాల వారీగా చూద్దాం.

ఉత్తరాంధ్రలో 5 సీట్లు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం టీడీపీవి. అనకాపల్లి బీజేపీకి, అరకు వైసీపీకి వెళ్లాయి.

గోదావరి జిల్లాల్లోనూ 5. అమలాపురం, ఏలూరు టీడీపీ. రాజమండ్రి, నర్సాపురం బీజేపీ. కాకినాడ జనసేన. ఇక్కడ వైసీపీకి ఒక్కటీ రాలేదు.

కృష్ణా, గుంటూరు వైపు 5. విజయవాడ, గుంటూరు, నరసరావుపేట, బాపట్ల టీడీపీ. మచిలీపట్నం జనసేన.

ఒంగోలు, నెల్లూరు రెండూ టీడీపీ.

రాయలసీమలో 8. కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, చిత్తూరు టీడీపీ. కడప, రాజంపేట, తిరుపతి వైసీపీ.

కూడితే 16, 4, 3, 2 సరిపోతాయి. ఎక్కడ చూసిన పట్టికైనా ఇలా అడ్డంగా నిలువుగా కూడి చూడడం అలవాటు చేసుకోండి. అది చేయకపోతే ఏమవుతుందో కింద నా కథే ఒకటి చెబుతాను.

శాతాల సంగతి

టీడీపీకి వచ్చిన 37.79 శాతాన్ని 25తో గుణించి 17తో భాగించండి. 55 శాతం పైన వస్తుంది. అంటే పోటీ చేసిన చోట ఆ పార్టీకి సగటున వచ్చినది సుమారుగా అదీ. బీజేపీకి రాష్ట్రం మొత్తం మీద 11.28 శాతం. దాన్ని 25తో గుణించి 6తో భాగిస్తే 47 వస్తుంది. అన్ని నియోజకవర్గాల్లో ఓట్లు సమానంగా పోలయ్యాయనుకుని వేసిన ముతక లెక్క ఇది. ప్రాజెక్టులో వాడితే ‘సుమారు’ అని తప్పకుండా రాయండి. ముతకదే అయినా అసలు విషయం చెబుతుంది: పోటీ చేసిన చోట సగటున సైకిల్‌కు 55 పైన, కమలానికి 47. ఆ ఎనిమిది శాతం తేడాలోనే వైసీపీ నాలుగు సీట్ల కథ చాలావరకు ఉంది.

బీజేపీకి 11 శాతం వచ్చిందని చూసి ‘రాష్ట్రంలో బీజేపీ ఇంత పెరిగిందా’ అని రాసిన వ్యాసాలు ఆ రోజుల్లో నేనూ చదివాను. అదే రోజు అదే ఓటర్లు వేసిన అసెంబ్లీ ఓట్లలో బీజేపీకి 2.83 శాతమే. లోక్‌సభలో 25లో 6 చోట్ల నిలబడింది, అసెంబ్లీలో 175లో 10 చోట్ల నిలబడింది, అంతే తేడా. పొత్తులో ఉన్న పార్టీ శాతం దాని బలం కన్నా దానికి ఇచ్చిన సీట్ల వాటానే ఎక్కువ చూపిస్తుంది.

మరి 40 శాతం దగ్గరికి వచ్చిన వైసీపీకి 4 సీట్లే రావడం అన్యాయం కాదా అని అడుగుతున్నారు. 2019 లెక్క తీయండి. అప్పుడు వైసీపీ, టీడీపీ రెండూ 25 చోట్లా పోటీ చేశాయి, పోలిక సరిగ్గా కుదురుతుంది. వైసీపీకి 49.89 శాతం, 22 సీట్లు. టీడీపీకి 40.19 శాతం, 3 సీట్లు. అంటే 2019లో 40 శాతానికి మూడు, 2024లో 40 శాతానికి నాలుగు. మన రాష్ట్రంలో పోటీ దాదాపుగా ఇద్దరి మధ్యే. ఎదుటివాడు సగానికి చేరితే 40 శాతం వచ్చినవాడు దాదాపు ప్రతి చోటా రెండో స్థానంలో ఆగిపోతాడు. రెండో స్థానానికి మన పద్ధతిలో ఏమీ ఇవ్వరు. 2024లో కూటమి మూడు పార్టీల లోక్‌సభ ఓట్లు కలిపితే సగం దాటాయి. మీ రెండో ప్రశ్నకు ఇంతకన్నా పొట్టి జవాబు నా దగ్గర లేదు.

2019లో టీడీపీకి ఆ మూడు కూడా అంచు మీద వచ్చినవే. శ్రీకాకుళం 6,653, విజయవాడ 8,726, గుంటూరు 4,205. మూడు మెజారిటీలూ కలిపినా 20 వేలు దాటవు. గాలి ఇంకాస్త గట్టిగా వీచి ఉంటే 25కి 25 అయ్యేవి.

వైసీపీ గెలిచిన నాలుగు

నన్నడిగితే ఈ ఫలితాల్లో ఎక్కువసేపు ఆగి చూడాల్సింది ఇక్కడే. అరకు, తిరుపతి, రాజంపేట, కడప. ఈ నాలుగింటిలో మూడు చోట్ల ఎదురుగా నిలబడింది బీజేపీ అభ్యర్థే. కడపలో మాత్రం టీడీపీ. ఇంకోలా చెప్పాలంటే టీడీపీ 17కి 16 గెలిచింది, జనసేన 2కి 2 గెలిచింది, బీజేపీ 6కి 3 గెలిచింది.

తిరుపతిని చూడండి. ఆ పార్లమెంటు సీటు కింద ఏడు అసెంబ్లీ స్థానాలు: సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు. 2024లో ఏడుకు ఏడూ కూటమే గెలిచింది. ఒక్క తిరుపతి అసెంబ్లీలోనే జనసేన అభ్యర్థికి 60 వేల పైన మెజారిటీ. అయినా పార్లమెంటుకు వైసీపీ అభ్యర్థి మద్దిల గురుమూర్తి 14,569 ఓట్లతో గెలిచారు. ఒకే బూత్, ఒకే రోజు, ఒకే వేలు. తెల్ల బ్యాలెట్ ఉన్న మెషీన్ మీద ఒకలా, గులాబీ బ్యాలెట్ ఉన్న మెషీన్ మీద ఇంకోలా నొక్కినవాళ్లు వేలల్లో ఉన్నారన్నమాట. దీన్నే మనవాళ్లు క్రాస్ ఓటింగ్ అంటారు.

కారణమేమిటంటే, కమలం గుర్తుకు వేయడానికి మనసొప్పని టీడీపీ ఓటర్లు కొందరు, ముఖ్యంగా మైనారిటీలు, దళితులు. ఇది నా అభిప్రాయం, అంకెల్లో నేరుగా కనిపించేది కాదు. అభ్యర్థి కూడా ఒక కారణమే. బీజేపీ తరఫున నిలబడ్డ వెలగపల్లి వరప్రసాదరావు 2014లో ఇదే తిరుపతిలో వైసీపీ తరఫున గెలిచిన మనిషి. ఆయన మీద కూటమి కార్యకర్తలకు మమకారం ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

రాజంపేటలో ఉమ్మడి రాష్ట్రానికి చివరి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి కమలం మీద నిలబడి మిథున్‌రెడ్డి చేతిలో 76 వేల ఓట్లతో ఓడారు. ఆ సీటులోని పీలేరు అసెంబ్లీలో ఆయన తమ్ముడు కిశోర్‌కుమార్ రెడ్డి సైకిల్ మీద గెలిచారు. ఒకే ఇల్లు, రెండు గుర్తులు, రెండు ఫలితాలు. అయితే అక్కడ పుంగనూరు, తంబళ్లపల్లె, రాజంపేట అసెంబ్లీ సీట్లు వైసీపీవే కాబట్టి తిరుపతి అంత వింతేమీ కాదు. 2014లోనూ టీడీపీ పొత్తులో రాజంపేట, తిరుపతి రెండూ బీజేపీకే వెళ్లాయి, రెండూ ఓడాయి. అప్పుడు రాజంపేటలో ఓడింది పురందేశ్వరి. పదేళ్ల తర్వాత ఆవిడ రాజమండ్రిలో 2.39 లక్షల మెజారిటీతో గెలిచారు. పార్టీ మారలేదు, గుర్తు మారలేదు, ఊరు మారింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘కమలం గుర్తు వల్లే ఓడారు’ అని అన్నిటికీ అతికించేయకండి. అరకుకు అది అతకదు. 2014లో అక్కడ టీడీపీయే నిలబడి 90 వేల పైన ఓట్ల తేడాతో ఓడింది. 2019లో మళ్లీ టీడీపీయే, తేడా రెండు లక్షలు దాటింది. 2024లో బీజేపీ అభ్యర్థి కొత్తపల్లి గీత సుమారు 50 వేలతో ఓడారు. ఈవిడ కూడా 2014లో ఇక్కడే వైసీపీ తరఫున గెలిచినవారే. తేడా నిజానికి తగ్గింది. పైగా అక్కడ సీపీఎం అభ్యర్థికి లక్ష పైన ఓట్లు పడ్డాయి, ఆ పార్టీకి ఏజెన్సీలో ఇంకా పట్టుంది. నోటాకు కూడా భారీగా పడే సీటు అది: 2019లో 47,977. అరకును రెండు పార్టీల లెక్కతో చదవకూడదు.

అలాగే కమలం గెలిచిన మూడు చోట్ల ఓ మోస్తరుగా గెలవలేదు. అనకాపల్లి 2.96 లక్షలు, నర్సాపురం 2.76 లక్షలు. నర్సాపురం ఓటరుకు ఆ గుర్తు కొత్త కాదు. 1999లో కృష్ణంరాజు, 2014లో గోకరాజు గంగరాజు అక్కడ అదే గుర్తు మీద గెలిచారు. గుర్తు ప్రభావం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మీ ప్రాజెక్టులో ఒక అధ్యాయం దీనికే ఇవ్వొచ్చు.

కడప వేరే కథ. అవినాశ్‌రెడ్డి 62,695 ఓట్లతో టీడీపీ మీద గెలిచారు. కాంగ్రెస్ తరఫున షర్మిల 1.41 లక్షల ఓట్లు తెచ్చుకుని మూడో స్థానంలో నిలిచారు. మెజారిటీకి రెట్టింపు పైన. ఆ ఓట్లన్నీ వైసీపీవేనని కొందరంటారు, ప్రభుత్వ వ్యతిరేక ఓటును ఆవిడే చీల్చి అన్న జగన్ పార్టీని కాపాడిందని ఇంకొందరంటారు. రెండు వాదనలూ నేను టీ కొట్టు దగ్గరే వదిలేస్తాను. మూడో అభ్యర్థి ఓట్లు ఆ అభ్యర్థి లేకపోతే ఎటు పోయేవో చెప్పడానికి ఫలితాల పట్టిక సరిపోదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఈ నాలుగు సీట్లూ 2014, 2019, 2024 మూడుసార్లూ వైసీపీవే. మొత్తం 25లో మూడుసార్లూ ఒకే పార్టీకి వెళ్లినవి ఇంకెన్ని? టీడీపీకి మూడు: శ్రీకాకుళం, విజయవాడ, గుంటూరు. మిగతా పద్దెనిమిదీ గాలిని బట్టి ఊగినవే.

క్రాస్ ఓటింగ్ కొత్తది కాదు

తిరుపతిని చూసి ఆశ్చర్యపోయినవాళ్లు 2019 మర్చిపోయారు. గుంటూరు పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ సీట్లలో ఆరు వైసీపీ గెలిచింది, టీడీపీకి మిగిలింది గుంటూరు పశ్చిమ ఒక్కటే. అయినా ఎంపీ టీడీపీ. విజయవాడలోనూ అంతే, విజయవాడ తూర్పు తప్ప ఆరూ వైసీపీకి పోయాయి, ఎంపీ మాత్రం టీడీపీ. విశాఖలో దానికి తలకిందులు. నగరంలోని తూర్పు, పశ్చిమ, ఉత్తరం, దక్షిణం నాలుగూ టీడీపీ గెలిచింది, పార్లమెంటు మాత్రం 4,414 ఓట్లతో వైసీపీకి పోయింది.

విశాఖలో కారణం పట్టుకోవడం సులువే. జనసేన తరఫున సీబీఐ మాజీ అధికారి లక్ష్మీనారాయణ నిలబడి 2.88 లక్షల ఓట్లు తెచ్చుకున్నారు. అసెంబ్లీకి సైకిల్ నొక్కి పార్లమెంటుకు గ్లాసు నొక్కినవాళ్లు నగరంలో బాగా ఉన్నారు. అప్పుడు 4,414తో ఓడిన శ్రీభరత్ 2024లో అదే సీటులో 5,04,247 మెజారిటీతో గెలిచారు. ఇంత తిరుగుడును పొత్తు ఒక్కటే తేలేదు. స్టీల్‌ప్లాంటు, రాజధాని తగువు, భూముల గొడవలు అన్నీ కలిశాయి. కానీ 2019లో విడిపోయిన ఓటు 2024లో ఒక్కచోటికి చేరడం మొదటి మెట్టు. కాకినాడలో జనసేనకు 2.29 లక్షలు, మచిలీపట్నంలో 2.23 లక్షల మెజారిటీ వచ్చిందంటే టీడీపీ ఓటు గ్లాసుకు దాదాపు చెక్కుచెదరకుండా బదిలీ అయిందనే. కమలానికి ఆ బదిలీ గోదావరి దాకా బాగా జరిగింది, దక్షిణానికి వెళ్లేకొద్దీ కారిపోయింది.

2014తో పోల్చేటప్పుడు జాగ్రత్త

నేను ముందు చెప్పిన నా కథ ఇదే. 2014 మే 16 రాత్రి పేజీ పెడుతున్నాం. 25 సీట్ల మ్యాపు, పక్కన పార్టీల బలాబలాల పెట్టె. పెట్టెలో టీడీపీ 16, వైసీపీ 9, బీజేపీ 3 అని నేనే రాశాను. ప్రూఫ్ చూస్తున్న కుర్రాడు మ్యాపులో పసుపు రంగు వేసినవి వేలితో లెక్కపెట్టి, ‘సార్, పదిహేనే ఉన్నాయి, పదహారోది ఏది?’ అన్నాడు. పదహారోది మల్కాజిగిరి. వైసీపీ తొమ్మిదోది ఖమ్మం. బీజేపీ మూడోది సికింద్రాబాద్. ఆ ఎన్నిక జరిగినప్పటికి రాష్ట్రం కాగితం మీద ఇంకా ఒకటే, జూన్ 2 రాలేదు. అందుకే అధికారిక పట్టికలో ‘ఆంధ్రప్రదేశ్’ అంటే 42 సీట్లు: టీడీపీ 16, టీఆర్ఎస్ 11, వైసీపీ 9, బీజేపీ 3, కాంగ్రెస్ 2, మజ్లిస్ 1. ఆ కుర్రాడు అడగకపోతే తెల్లారి అచ్చులో నా పరువు పోయేది.

ఈ పొరపాటు ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ‘2014లోనూ టీడీపీకి 16, 2024లోనూ 16, ఏం మారలేదు’ అని రాసేస్తున్నారు. ఇప్పటి రాష్ట్రం వరకే చూస్తే 2014లో టీడీపీ 15, వైసీపీ 8, బీజేపీ 2. 2014 ఓట్ల శాతాలు కూడా 42 సీట్ల మీద లెక్కించినవే కాబట్టి వాటిని 2019, 2024 శాతాలతో నేరుగా పోల్చకండి. సీట్ల వారీగా ఓట్లు తీసి 25కీ మీరే కూడుకోవాలి. ఒక పూట పని.

ఆ లెక్కన 2014కూ 2024కూ మధ్య నిజంగా చేతులు మారినవి ఏవో తేలతాయి. వైసీపీ ఎనిమిదిలో నాలుగు నిలబడ్డాయి, నాలుగు టీడీపీకి వచ్చాయి: ఒంగోలు, నెల్లూరు, కర్నూలు, నంద్యాల. నాలుగూ దక్షిణానివే. ఉత్తరాంధ్రలో రెండు ఎన్నికల్లోనూ టీడీపీ 3, బీజేపీ 1, వైసీపీ 1. బీజేపీ సీటు మాత్రం విశాఖ నుంచి అనకాపల్లికి జరిగింది. కోస్తా మధ్య జిల్లాలు రెండుసార్లూ పూర్తిగా కూటమివే. కాబట్టి 2024 తీర్పులో కొత్తదనం నెల్లూరు, కర్నూలు వైపు ఉంది. వార్తల్లో ఎక్కువ కనబడింది విశాఖ, అమరావతి అనుకోండి, అది వేరే.

ఒంగోలు, నెల్లూరు సీట్లలో మనుషుల మార్పు కూడా లెక్కలోకి రావాలి. మాగుంట శ్రీనివాసులురెడ్డి ఒంగోలులో 2014లో టీడీపీ తరఫున ఓడారు, 2019లో వైసీపీ తరఫున గెలిచారు, 2024లో మళ్లీ టీడీపీ తరఫున గెలిచారు. నెల్లూరులో వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి ఎన్నికల ముందు దాకా వైసీపీలోనే ఉన్నారు. నరసరావుపేటలో లావు శ్రీకృష్ణదేవరాయలు, మచిలీపట్నంలో బాలశౌరి 2019లో వైసీపీ ఎంపీలే. ఒకరు సైకిల్ ఎక్కారు, ఒకరు గ్లాసు పట్టారు, ఇద్దరూ గెలిచారు. విజయవాడ ఎంపీ కేశినేని నాని ఎదురు దారిలో టీడీపీ నుంచి వైసీపీకి వెళ్లి సొంత తమ్ముడి చేతిలో ఓడారు. ‘పార్టీ గెలిచిందా, మనిషి గెలిచాడా’ అని మీ ప్రాజెక్టులో అడుగుతారు. వలస వచ్చినవాళ్లు గెలిచిన సీట్లను వేరే గుర్తుతో చూపించండి, చాలు.

2009కి ముందు ఫలితాల జోలికి వెళ్లకపోతే మంచిది. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత జరిగిన మొదటి ఎన్నిక అది. తెనాలి, పార్వతీపురం లాంటి పార్లమెంటు సీట్లు పోయాయి, అరకు కొత్తగా వచ్చింది. పేరు అదే ఉన్నా చాలా సీట్ల హద్దులు వేరు.

ప్రాంతాల హద్దులు ఎవరివి వాళ్లవే

పైన నేనిచ్చిన ప్రాంతాల విభజన నా డెస్కు అలవాటు. చట్టం ఏమీ కాదు. పార్లమెంటు సీట్లు పాత జిల్లాల గీతల మీద నడవవు. తిరుపతిలోని ఏడు సెగ్మెంట్లలో నాలుగు పాత నెల్లూరు జిల్లావి, మూడే పాత చిత్తూరువి. నేను దాన్ని సీమలో వేశాను. మీరు కోస్తాలో వేస్తే సీమలో టీడీపీ 5, వైసీపీ 2 అవుతాయి, దక్షిణ కోస్తాలో వైసీపీ ఖాతా తెరుస్తుంది. రెండు పట్టికలు చూసినప్పుడు ప్రాంతాల అంకెలు తేడా వస్తే నూటికి తొంభైసార్లు కారణం తిరుపతే.

మిగతావి అంత తలనొప్పి కాదు గానీ ఉన్నాయి. బాపట్ల సగం పైన పాత ప్రకాశం జిల్లాది. కందుకూరు పాత ప్రకాశం జిల్లాదే అయినా నెల్లూరు పార్లమెంటు కింద ఓటేస్తుంది. రాజమండ్రి గోదావరికి రెండు గట్ల మీదా ఉంది, కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం అటు గట్టువి. శృంగవరపుకోట విజయనగరం జిల్లాది, ఓటు విశాఖకు. అన్నిటికన్నా పొడుగు అరకు: పాలకొండ నుంచి రంపచోడవరం దాకా పాత జిల్లాలు నాలుగింటి మీద పరుచుకుంది. 2022లో పార్లమెంటు సీటే ప్రాతిపదికగా జిల్లాలు చేసినప్పుడు 25 కాకుండా 26 అయ్యాయంటే అరకును రెండుగా కోయాల్సి రావడం వల్లే.

2014 ఎన్నికల తర్వాత ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు పోలవరం ముంపు కారణంగా ఇటు కలిశాయి. ఆ ఓటర్లు 2014లో తెలంగాణ సీట్లలో వేశారు, 2019 నుంచి అరకు, ఏలూరు సీట్లలో వేస్తున్నారు. అంకె పెద్దది కాదు. కానీ అరకు 2014, 2019 మొత్తం ఓట్లను పోల్చితే ఒక ఫుట్‌నోట్ పెట్టండి.

సెగ్మెంట్ వారీగా లోక్‌సభ ఓట్లు కావాలంటే ఫారం 20 చూడాలి. బూత్ వారీగా ఎవరికెన్ని పడ్డాయో అందులోనే ఉంటుంది. తిరుపతిలో ఏ సెగ్మెంట్‌లో కమలం ఎంత వెనకబడిందో అది తప్ప ఇంకేదీ చెప్పదు. ఏడు సెగ్మెంట్లూ కూడితే మొత్తానికి కొన్ని వేలు తక్కువ వస్తాయి, కంగారు పడకండి. అవి పోస్టల్ బ్యాలెట్లు. పార్లమెంటుకు అవి సెగ్మెంట్‌కు చేరవు, విడిగా చివర కలుపుతారు. మొదటిసారి ఆ తేడా చూసి నేను కౌంటింగ్‌లో ఏదో కుంభకోణం పట్టేశాననుకుని రాత్రి పదకొండింటికి మా ఎడిటర్‌ను నిద్ర లేపాను.

పట్టిక వేసేటప్పుడు ప్రతి సీటుకూ ఇవి రాసుకోండి: గెలిచిన పార్టీ, కూటమి తరఫున నిలబడ్డ పార్టీ, మెజారిటీ, ఏడు అసెంబ్లీల్లో ఎవరికెన్ని, అభ్యర్థి 2019లో ఏ పార్టీలో ఉన్నారు. మొదటి రెండు గడులూ ఒకటి కాని చోటల్లా ఆగండి. 2024లో అవి నాలుగే, పైన చెప్పినవే. అవి పూర్తయ్యాక ఫారం 20లు తీసి తిరుపతితో మొదలుపెట్టండి. వెంకటగిరి, సర్వేపల్లి అంకెల్లో ఎక్కడైనా చిక్కుకుంటే ఇక్కడే అడగండి, నా దగ్గర పాత నోట్‌బుక్కులు ఇంకా ఉన్నాయి.